మొదటి వాన డాబాది

ఆదివారం పొద్దున్న లెక్కల మాస్టారి ఇంట్లో పని ఒక్కటే. వరండా కింద ఉన్న సంపును మట్టితో పూడ్చెయ్యడం. టిఫిన్లయ్యాక మట్టి ట్రాక్టరు వస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు సంపు ఉండదు. సాయంత్రానికి దాని మీద సిమెంటు పరిచేస్తారు. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని మాస్టారి బావమరిది అందరికీ నచ్చజెప్పాడు. అతను మోటార్లకు వైండింగు చేసే మనిషి. తీగ ఒక్క చుట్టు తప్పితే మోటారు మోటారంతా కాలిపోతుందని ఎరిగినవాడు. అందుకని అతని మాటను ఎవరూ కాదనలేదు.

ఆ సంపును మాస్టారి భార్య తవ్వించింది. వీధి వీధంతా నీళ్ళ ట్యాంకరు వెనక బిందెలతో పరిగెత్తుతూ ఉంటే, ఆకాశం నుంచి నేరుగా ఇంటి నెత్తికే వచ్చి పడే నీళ్ళను వదిలేసి బండి వెనక పరిగెత్తడమేమిటని ఆవిడ వాదన. డాబా మీద పడ్డ వానంతా ఒక గొట్టంలోకి చేరి, పక్క సందులో గోడ వెంట దిగి, వరండా కిందికి వచ్చేటట్టు కట్టించింది. మనిషి నిలువు కన్నా లోతు. పని పూర్తయ్యాక కొద్ది రోజులకే ఆవిడ మంచం పట్టింది. వాన చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆ ఏడు వాన పడలేదు. ఈ ఏడు కూడా మబ్బులు వచ్చి, చూసి, వెళ్ళిపోయాయి. వీధిలో వాళ్ళు సంపును "మాస్టారి గుంట" అనడం మొదలుపెట్టారు. ఇంతలో బావమరిది షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. మిషన్లు తెచ్చి వరండాలో పెట్టుకోవాలి. కింద బోలుగా ఉంటే అవి నిలవవు. "ఈ వానాకాలంలో నిండితే ఉంచుదాం బావా. నిండకపోతే పూడ్చేద్దాం" అన్నాడు. మాస్టారు సరే అన్నారు. భార్య పోయినప్పటినుంచి ఆయన అన్నిటికీ సరే అంటున్నారు. వానాకాలం చివరికొచ్చింది. సంపులో సాలీళ్ళు తప్ప ఏమీ లేవు.

సంపు విషయంలో ఆవిడ ఒక నియమం పెట్టింది. మొదటి వాన డాబాది, తర్వాతిదే మనది. డాబా మీద పేరుకున్న దుమ్మూ, పావురాల రెట్టలూ, తమ్ముడు పడేసిన పాత మోటార్ల జిడ్డూ మొదటి వానతో కొట్టుకుపోవాలి. ఆ నీళ్ళను కాలవలోకి వదిలెయ్యాలి. డాబా శుభ్రపడ్డాకే వాల్వు తిప్పి నీళ్ళను సంపులోకి మళ్ళించాలి. ఆ వాల్వును ఆవిడ తమ్ముడి షాపులో పాత ఇనుములోంచి ఏరి తెచ్చింది. దానికి ఒక చిన్న చక్రం. సగం చుట్టు తిప్పితే టక్కుమంటుంది. ఒక టక్కుకి నీళ్ళు సంపులోకి, ఇంకో టక్కుకి కాలవలోకి, మళ్ళీ టక్కుమంటే మళ్ళీ సంపులోకి. ఎన్నిసార్లు తిప్పినా ఆగదు. వీధి పిల్లలు దానితో ఆడుతున్నారని చుట్టూ రేకు పెట్టె బిగించి, చెయ్యి పట్టేంత కంత మాత్రం వదిలింది. లోపల ఏముందో కనిపించదు. చేతికి తగులుతుంది, అంతే.

ఆఖరిసారి ఆవిడే దాన్ని కాలవ వైపుకి తిప్పి పెట్టింది. ఆ తర్వాత ఆ కంతలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. పెట్టకూడదని ఎవరూ అనలేదు. అయినా పెట్టలేదు.

మేస్త్రీ తనే ట్రాక్టరు తోలుకుని వచ్చి గేటు ముందు ఆపాడు. చెప్పులు వరండా అంచున విడిచి, భుజం మీది తువ్వాలు తీసి వాటి పక్కన పెట్టి, గునపంతో సంపు మూత లేపాడు. ఆ సంపు తవ్వింది కూడా అతనే.

"అప్పుడు అమ్మగారు నన్ను కూర్చోనిచ్చేవారు కాదు మాస్టారూ. ఇంకో జానెడు, ఇంకో జానెడు అంటూనే ఉండేవారు. ఇప్పుడా జానెళ్ళన్నీ నేనే పూడ్చాలి" అన్నాడు లోపలికి తొంగి చూస్తూ.

"నువ్వు తవ్విందే కదా, నీకు సులువేలే" అన్నాడు బావమరిది.

"అబ్బే, తవ్వినదాన్ని పూడ్చడానికి చేతులు రావు బాబూ. గుక్కెడు టీ పడితే వస్తాయేమో."

మాస్టారి అత్తగారు గడపలో కూర్చుని ఉంది. కూతురు పోయాక ఆవిడ అల్లుడి ఇంట్లోనే, మనవరాలి దగ్గర ఉంటోంది. "టీ ఇస్తే పని మొదలుపెడతావు. నేనివ్వను" అంది.

"అమ్మా, పాపం అతను పొద్దున్నే వచ్చాడే!" అన్నాడు బావమరిది.

"వస్తే రానీరా. నేను రమ్మన్నానా?"

అప్పుడు వెలుతురు మారింది. ఎవరో గదిలో దీపం తగ్గించినట్టు వీధంతా ఒక్కసారి మసకబారింది. తీగల మీది పిట్టలు లేచిపోయాయి. ఎక్కడినుంచో తడిసిన మట్టి వాసన మోసుకుని గాలి వచ్చి, మాస్టారి ముందున్న పేపరును ఒక్కొక్క పేజీ తిరగేసి చూసి వెళ్ళింది. ఎదురింటి బాల్కనీలోంచి రిటైరైన బస్సు కండక్టరు కేక వేశాడు.

"మాస్టారూ! వచ్చేస్తోందండోయ్!"

"రాదులెండి. నెలంతా ఇలాగే బెదిరించి పోయింది" అన్నాడు బావమరిది. కాని తల దించలేదు.

మాస్టారు కూడా పైకే చూస్తున్నారు. ఈ ఏటికి ఇదొక్క వానే. దీన్ని డాబాకి వదిలేస్తే సంపుకి మిగిలేది ఉండకపోవచ్చు. సంపు నిండకపోతే గేటు ముందు మట్టి సిద్ధంగా ఉంది. మొదటి నీళ్ళు ఎందుకు వదిలెయ్యాలో బడిలో తరగతి తరగతికీ బొమ్మ గీసి చెప్పిన మనిషి కుర్చీలోంచి లేచారు.

"సందులో గొడుగు పెట్టానేమో చూసొస్తాను."

"గొడుగు మీ చేతిలోనే ఉంది నాన్నా" అంది కూతురు.

"ఇంకోటి" అన్నారు మాస్టారు.

సందులోకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, కంతలో చెయ్యి పెట్టారు. చక్రం చల్లగా తగిలింది. కాసేపు ఊరికే పట్టుకున్నారు. తర్వాత తిప్పారు. టక్కుమంది. ఇప్పుడు వాల్వు సంపు వైపుంది.

ఆయన తిరిగి వచ్చి కూర్చోగానే అత్తగారు లేచింది. అల్లుడు నియమం తప్పే మనిషి కాదు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఆయన్ని నమ్ముకుంటే కూతురు కట్టించుకున్న సంపు నిండా ఇవాళ మట్టి పడుతుంది. "చీపురు సందులో ఉండిపోయింది" అంటూ ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళింది. టక్కుమంది. ఇప్పుడు వాల్వు కాలవ వైపుంది.

వెనక్కి వస్తూ ఉంటే సందు మొదట్లో మనవరాలు ఎదురైంది.

"ఎక్కడికే?"

"ఆరేసిన బట్టలు తీద్దామని అమ్మమ్మా."

"సందులో బట్టలెక్కడున్నాయి?"

"నీ చేతిలో చీపురెక్కడుంది?"

ఇద్దరూ జవాబుల కోసం ఆగకుండా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. మనవరాలు మందుల షాపులో పనిచేస్తుంది. మురికి నీళ్ళతో వచ్చే జబ్బులన్నీ దానికి కంఠస్థం. ఆ జబ్బులకు వాడే మందులు కూడా కంఠస్థమే కాబట్టి ధైర్యం చేసింది. ముందు నిండనీ, తర్వాత ఏ బిళ్ళో వేసి బాగుచేసుకోవచ్చు. టక్కుమంది. ఇప్పుడు సంపు వైపు.

చివరికి బావమరిది లేచాడు. "ట్రాక్టరు టైరులో గాలి ఉందో లేదో" అని గొణుక్కుంటూ, గేటు దగ్గరున్న ట్రాక్టరును దాటేసి సందులోకి తిరిగాడు. పెట్టె ముందు నిలబడ్డాడు. అక్క షాపులో నేల మీద కూర్చుని, కిరసనాయిలు గుడ్డతో ఆ చక్రాన్ని రోజంతా తోమడం గుర్తొచ్చింది. "దేనికక్కా ఈ తుప్పు ముక్క?" అని తను నవ్వాడు. "వానకిరా" అంది ఆవిడ. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలో తెలియక చెయ్యి లోపలికి పెట్టి తిప్పాడు. టక్కుమంది. కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందనుకున్నాడు. గాలి బాగానే ఉంది కాబట్టి అది నమ్మదగిన మాటే.

అలా నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు కష్టపడి, చక్రాన్ని ఆవిడ వదిలిన చోటికే చేర్చారు.

వాన పడింది. ముందు నాలుగు చినుకులు పడి నేల మీద రూపాయంత మచ్చలు చేశాయి. అవి ఆరేలోపే మిగతా వానంతా ఒక్కసారి దిగింది. ఎదురిల్లు కనిపించడం మానేసింది. ఎన్ని నెలలుగానో ఎండిన గోడలు, గేట్లు, వీధి దీపం, కండక్టరు బాల్కనీ, అన్నీ కలిసి ఒక్క గొంతుతో అరుస్తున్నట్టుంది. "మట్టి తడిస్తే బురదైపోద్ది, పట్టా తెస్తా!" అని మేస్త్రీ కేకేసి, చెప్పులైనా తొడుక్కోకుండా గేటు దాటి పరిగెత్తాడు. ఆ హోరులో అతని మాట ఎవరికీ వినపడలేదు. అతను వెళ్ళడం కూడా ఎవరూ చూడలేదు. నలుగురూ సంపు నోటి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికే చూస్తున్నారు.

లోపల చుక్క పడలేదు.

"ఇంకా రాదేం?" అంది అత్తగారు. అని నాలిక కరుచుకుంది.

"రాకూడదు కదమ్మా. మొదటి వాన డాబాది కదా" అన్నాడు బావమరిది.

"అవునవును, ఎలా వస్తుంది!" అంది మనవరాలు.

"ససేమిరా రాకూడదు" అన్నారు మాస్టారు.

నలుగురూ తలలూపి, మళ్ళీ లోపలికి చూశారు.

అలా చూస్తూ ఉంటే మాస్టారికి కూర్చోబుద్ధి కాలేదు. పైన డాబా మీద నీళ్ళు దొర్లే చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ తనను పెద్దగా ఏమీ అడిగిన మనిషి కాదు. వెళ్ళేముందు అడిగింది ఈ ఒక్కటే. సంపు నిండాలని కూడా అడగలేదు. మొదటి వానను వదిలెయ్యమంది. తను అది కూడా చెయ్యలేకపోయారు. పూడితే పూడనీ అనుకున్నారు. లేచి వాన్లోకి నడిచారు. గొడుగు చంకలోనే ఉంది, తెరవాలని తోచలేదు.

సందులో నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ఏది కాలవో ఏది దారో తెలియడం లేదు. తడుముకుంటూ కంతలో చెయ్యి పెట్టి, చక్రాన్ని ఆవిడ వదిలిన చోటికి తిప్పేశారు. తిప్పేశాననుకున్నారు. టక్కుమంది.

ఆయన తడిసి ముద్దై వరండా మెట్టు ఎక్కేసరికి లోపలినుంచి ఒక చప్పుడు వచ్చింది.

అది నీళ్ళు పడుతున్న చప్పుడని గుర్తుపట్టడానికి వాళ్ళకు కొంత సమయం పట్టింది. బిందెలో పడితే ఎలా ఉంటుందో తెలుసు, బకెట్లో పడితే ఎలా ఉంటుందో తెలుసు. కాళ్ళ కింద, ఇంటి కడుపులో, చీకట్లో, అంత ఎత్తునుంచి నీళ్ళు పడితే ఎలా ఉంటుందో ఆ వీధిలో ఎవరూ వినలేదు. ముందు రాయి మీద పడ్డట్టు పగిలింది. తర్వాత నీటి మీద నీరు పడ్డట్టు మెత్తబడి, లోతెక్కి, ఎవరో పెద్ద గొంతుతో, తొందర లేకుండా, చాలాకాలంగా దాచుకున్న మాటలు చెబుతున్నట్టు సాగింది. అత్తగారు నేల మీద అరచెయ్యి ఆనించింది. నేల సన్నగా వణుకుతోంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు. వాన మధ్యలో ఎక్కడో మబ్బు చీలి వెలుతురు పడినప్పుడు, సంపులోంచి ఆ వెలుతురు లేచి వరండా కప్పు మీద వలలా ఆడింది.

మాస్టారు మాత్రం మొదట్లో లెక్క వేసుకోవడానికి ప్రయత్నించారు. తను కాలవ వైపుకి తిప్పాక సంపులోకి నీళ్ళెలా వస్తాయి? ముందు దిగిన మురికి నీళ్ళే గొట్టం వంపులో చెత్త అడ్డుపడి ఆగి, ఇప్పుడు జారుతున్నాయనుకున్నారు. కాని నీళ్ళు ఆగలేదు. సగం దాకా వచ్చాయి, ముప్పాతిక దాకా వచ్చాయి. అప్పుడాయన అనుకోవడం మానేశారు. అంతవరకు ఏ పిల్లవాణ్ణీ లెక్క చూపించకుండా వదలని మనిషికి, దీన్ని లెక్క అడగబుద్ధి కాలేదు.

వాన వెలిసేసరికి సంపు అంచు దాకా నిండి, నల్లగా, నిశ్చలంగా ఉంది. వంగి చూస్తే నాలుగు మొహాలు కనిపించాయి. నాలుగింటిలోనూ సంతోషం ఉంది. ఆ సంతోషం వెనక, పట్టుబడ్డ దొంగ చూపు కూడా ఉంది. మురికి వాన లోపలికి పోయింది. పంపింది నేనే. ప్రతి మొహమూ అదే అనుకుంటోంది.

గేటు దగ్గర అలికిడైంది. వీధి వచ్చేసింది. వారం రోజులుగా ట్యాంకరు లేదు. వాన పడుతున్నంతసేపూ గిన్నెలూ పళ్ళేలూ బయటపెట్టి పట్టుకున్నది ఒక పూట వాడకానికి సరిపోదు. అందరికన్నా ముందు కండక్టరు, చేతిలో బిందెతో ఉన్నాడు. నిన్నటిదాకా గుంట అన్న మనిషి వంగి చూసి, "అబ్బ! ఏం సంపండీ!" అన్నాడు. "ఒక్క బిందె మాస్టారూ. తాగడానికే."

"వద్దు!" అన్నారు నలుగురూ ఒక్కసారే.

వీధి ఉలిక్కిపడింది.

"ఇంకా తేరుకోవాలండీ" అన్నారు మాస్టారు.

"మందు కలపాలి" అంది కూతురు.

"మోటారు నూనె పడింది" అన్నాడు బావమరిది.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కండక్టరు సర్వీసులో ఉండగా టిక్కెట్టు లేనివాణ్ణి చూపుతోనే పట్టేసేవాడు. ఇక్కడేదో తేడాగా ఉందని గ్రహించి, ముసలావిడ వైపు తిరిగాడు.

"పెద్దమ్మగారూ, మీరు చెప్పండి. ఈ సంపులో ఏం పడింది?"

అత్తగారికి అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం చెప్పను నాయనా! జరిగిపోయింది. పాపం నాదే" అని ఏడ్చేసింది.

కండక్టరు చుట్టూ చూశాడు. తెరిచిన సంపు. దానికి దగ్గరగా, వరండా అంచున ఒక జత చెప్పులు. చెప్పుల పక్కన తువ్వాలు. గేటు దగ్గర మనిషి లేని ట్రాక్టరు.

"మేస్త్రీ ఏడీ?" అన్నాడు.

మాస్టారు బావమరిదిని చూశారు. బావమరిది మేనకోడల్ని చూశాడు. "వాన మొదలయ్యేటప్పుడు ఇక్కడే ఉన్నాడు కదా" అందది. ఆ మాట నోటినుంచి బయటికి వచ్చాక గాని, దాని అర్థం దానికి తెలియలేదు. తెలిసి గోడకు ఆనుకుంది.

"అయ్యయ్యో! లోపల పడ్డ మనిషినైనా చూసుకోకుండా ఏం చేస్తున్నారయ్యా నలుగురూ?" అన్నాడు కండక్టరు.

నిజంగా చూసుకోలేదు. బావమరిది చొక్కా విప్పబోయాడు. కండక్టరు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఈత వచ్చా నీకు?"

"రాదు."

"ఇంకెవరికైనా వచ్చా?"

ఈత నేర్చుకునేంత నీటిని ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

"అయితే తోడండి! బకెట్లు, బిందెలు, తాళ్ళు, ఏముంటే అవి! వరసలో నిలబడండి! ఊఁ, రైట్, రైట్! అమ్మా, ఫుట్‌బోర్డు మీద ఆగకండి... అదే, ఆ మెట్టు మీద. ముందుకి జరగాలి, ముందుకి జరగాలి!"

వీధి వీధంతా వరస కట్టింది. నిండు బకెట్లు సంపునుంచి చెయ్యి మారుతూ గేటు దాటాయి. ఖాళీవి ఎదురు వచ్చాయి. చెంబులు వచ్చాయి, పెద్ద గంగాళం వచ్చింది, ఎవరో పిల్లవాడి స్నానం టబ్బు తెచ్చారు. చిత్రమేమిటంటే, అంత కంగారులోనూ ఒక్క చుక్క నేల పాలు కాలేదు. మనిషి ప్రాణం పోతోందన్నా సరే, నీళ్ళు పారబోయడం ఆ వీధికి చేతకాలేదు. ప్రతి బకెట్టూ ఏదో ఒక ఇంట్లోకే వెళ్ళింది. డ్రమ్ములు నిండాయి, తొట్లు నిండాయి, వంట గిన్నెలు నిండాయి. తోడుతున్నవాళ్ళు ఏడుస్తూనే తోడారు, ఏడుస్తూనే మోశారు, వాకిట్లో చోటు చూసి జాగ్రత్తగా దించారు.

సంపు సగమయ్యేసరికి వరస చివర ఒక మనిషి చేరాడు. తల మీదినుంచి ప్లాస్టిక్ పట్టా కప్పుకుని ఉన్నాడు. మోకాళ్ళ దాకా బురద. పక్కావిడ అతని చేతికి బకెట్టు అందించింది. అతను అందుకుని ముందుకిచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఎవరో పనిచెయ్యడానికి వచ్చి అందులో పడిపోయాడంట అన్నా. పాపం, చూసుకున్న దిక్కే లేదంట."

"అయ్యో! పెళ్ళాం పిల్లలూ ఉన్నారో ఏమో!" అతని చేతులు వేగం పుంజుకున్నాయి. "నాబోటి కూలి మనిషే అయ్యుంటాడు. జరగండమ్మా, నేను ముందుకెళ్తా."

అతను మనిషి మనిషినీ దాటుకుంటూ సంపు దగ్గరికి వచ్చి, అందరికన్నా ఎక్కువగా తోడాడు. భుజాలు నొప్పెట్టినా ఆగలేదు. కండక్టరు మెచ్చుకున్నాడు.

"శభాష్! నీలాంటివాడు ఇంకొక్కడుంటే ఎప్పుడో తీసేవాళ్ళం."

"మంచివాడేనా బాబూ, ఆ పోయినాయన?"

"మంచివాడేనంట. పొద్దున్న టీ అడిగితే కూడా ఇవ్వలేదంట ఈ ఇంట్లో."

ఆ మాటకి అత్తగారి ఏడుపు పెద్దదైంది.

"టీ కూడా ఇవ్వలేదా! ఏం మనుషులండీ!" అని అతను కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు కోసం తడుముకున్నాడు. భుజం మీద లేదు. వరండా అంచున ఉంది. వంగి తీసుకుని, మొహం తుడుచుకుని, పక్కనున్న చెప్పులు తొడుక్కున్నాడు. మళ్ళీ బకెట్టు అందుకోబోతే ఎవరూ ఇవ్వలేదు.

వరస మొత్తం అతన్నే చూస్తోంది.

"ఆగారేం? తోడండి!" అన్నాడు మేస్త్రీ.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. అత్తగారు వచ్చి అతని మొహం తడిమి చూసింది. బావమరిది అతన్ని కౌగలించుకున్నాడు. వెంటనే చెడామడా తిట్టాడు. పట్టా కోసం వెళ్ళి, వానకి షాపు చూరు కింద ఇరుక్కుపోయానని మేస్త్రీ మొత్తుకున్నాడు. కండక్టరు భార్య ఇంట్లోకి పరిగెత్తి, ఇప్పుడే మోసుకెళ్ళిన నీళ్ళతో టీ కాచి, పొగలు కక్కే గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని కళ్ళకద్దుకుని నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"తాగొద్దు!" అన్నారు నలుగురూ.

"ఇప్పుడు కూడానా?" అన్నాడు మేస్త్రీ దీనంగా.

ఇక దాచడానికి లేకపోయింది. అత్తగారే ముందు చెప్పింది.

"అవి మొదటి వాన నీళ్ళు నాయనా. మురికి. నేనే కక్కుర్తిపడి వాల్వు తిప్పేశాను."

"నువ్వా? నేను కదా తిప్పింది!" అంది మనవరాలు.

"మీ ఇద్దరూ ఎప్పుడు తిప్పారు? తిప్పింది నేను" అన్నాడు బావమరిది.

అత్తగారు కొడుకు వైపు నోరు తెరుచుకుని చూసింది. "నువ్వా! పూడుస్తానని మట్టి తెప్పించినవాడివి, నువ్వెందుకు తిప్పావురా?"

అతను తల వంచుకున్నాడు. "ఒక్కసారి నిండితే చూద్దామనిపించిందమ్మా. అక్క చూడలేదుగా."



"నేను రెండుసార్లు తిప్పాను" అన్నారు మాస్టారు. "ఒకసారి వానకు ముందు. ఇంకోసారి వాన మధ్యలో. అది తప్పనిపించి, తిరిగి కాలవకే వదిలేద్దామని..."

అక్కడ ఆయనకేదో తట్టింది. వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. ఆయన ఒకటి, సంపు. అత్తగారు రెండు, కాలవ. అమ్మాయి మూడు, సంపు. బావమరిది నాలుగు, కాలవ. నాలుగో వేలు దగ్గర ఆగి, బొటనవేలు వైపు చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని కూడా మెల్లగా మడిచారు. మాట్లాడకుండా సందులోకి నడిచారు. అందరూ వెంట వెళ్ళారు. కాలవ పొడుగునా నల్లటి జిడ్డు, పావురాల ఈకలు, డాబా మీది చెత్తంతా పేరుకుని ఉంది.

కూతురు వెనక్కి పరిగెత్తి, సంపు పక్కన ఆగిపోయిన బకెట్లోని నీటిని గాజు గ్లాసులో ముంచి, ఎండకు పట్టి చూసింది. గ్లాసులో నీళ్ళున్నాయో లేదో తెలియడం లేదు. అంత తేటగా ఉన్నాయి.

"అంటే..." అన్నాడు కండక్టరు.

"మురికంతా కాలవలోకే పోయింది" అన్నారు మాస్టారు. "నేను వదులుకున్నాననుకున్నప్పుడు మంచి నీళ్ళు సంపులోకి వచ్చాయి."

అత్తగారు చెట్టంత కొడుకునీ, మనవరాలినీ, అల్లుణ్ణీ వరసగా చూసింది. "ఇంతమందిమి కలిసి దాని మాట తప్పుదామని చూశాం. ఒక్కళ్ళ చేతా కాలేదు" అంది. ఆ ఏడుపుతోనే నవ్వింది. ఆవిడ నవ్వు విని చాలా కాలమైంది.

మేస్త్రీ ఇంతలో టీ తాగేశాడు. ఖాళీ సంపులోకి తొంగి చూసి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "బాబూ, మరి పూడ్చమంటారా? ఖాళీగానే ఉంది. నేనే దగ్గరుండి ఖాళీ చేశాను."

"ఆ మట్టి ఎక్కడైనా పోసుకో. ఇక్కడొద్దు" అన్నాడు బావమరిది.

"మరి నీ మిషన్లు?" అన్నారు మాస్టారు.

"హాల్లో పెట్టుకుంటా బావా."

"హాల్లో నా మంచం ఉందిరా" అంది అత్తగారు.

"నీ మంచం వరండాలో వేద్దాంలే. మళ్ళీ వాన పడితే నీకే ముందు వినిపిస్తుంది."

అత్తగారు అటు తిరిగింది. అప్పుడే వరండాలో మంచం ఎటు వెయ్యాలో చూసుకుంటోంది.

వీధి జనం ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. కండక్టరు గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, నీళ్ళన్నీ మా ఇళ్ళల్లో చేరిపోయాయి. తిరిగి తెచ్చి పొయ్యమంటారా?" అన్నాడు. అడిగాడే గాని, కాళ్ళు కదల్లేదు.

మాస్టారు వీధి వైపు చూశారు. ప్రతి వాకిట్లోనూ బిందెలు, బకెట్లు, గంగాళాలు, టబ్బు. వెలిసిన ఆకాశం తునకలు తునకలుగా ప్రతి దాంట్లోనూ ఉంది. ఒక్క సంపులో పట్టినది వీధి పొడుగునా వెలుగుతోంది.

"వద్దండీ. మీ దగ్గరే ఉంచండి. కాచుకుని తాగండి" అన్నారు.

కూతురు చేతిలోని గ్లాసు తీసుకుని తాను ఒక గుక్క తాగారు.

మర్నాడు బావమరిది రేకు పెట్టె కంతకు చిన్న తలుపు బిగించి, ఇక ఎవరూ చెయ్యి పెట్టకుండా తాళం వేసి, తాళంచెవిని అందరి ఎదుటా మాస్టారి చేతిలో పెట్టాడు.

తాళం ఒకటే. మళ్ళీ మబ్బు పట్టేసరికి దానికి ఇంట్లో నాలుగు తాళంచెవులున్నాయి.